గోదారిని ఊరికే చూడకూడదా?

పోయిన ఏడాది మాఘమాసంలో ఒక సాయంత్రం, జొన్నాడ నుంచి రావులపాలెం వెళ్ళే వంతెన మీద పిట్టగోడ పక్కన నిలబడి ఉన్నాను. కింద గౌతమి సన్నబడి, ఇసుకమేటల మధ్య పాయలుగా విడిపోయి పారుతోంది. ఎగువన పొద్దు వాలుతోంది. మెడలో కెమెరా ఉంది కానీ ఇంకా ఒక్క ఫోటో కూడా తీయలేదు. వెలుతురు మరికాస్త మెత్తబడాలని ఆగాను. పావుగంట గడిచిందో లేదో ఒక మోపెడ్ వచ్చి ఆగింది. వెనక భార్యను ఎక్కించుకున్న పెద్దాయన. "ఏమ్మా, ఎవరి తాలూకు? ఇక్కడెందుకు నిలబడ్డావు?" అన్నాడు. "ఊరికేనండీ, గోదారి చూస్తున్నాను" అన్నాను. ఆయన కదల్లేదు. భార్య దిగొచ్చి నా చెయ్యి పట్టుకుంది. "ఇంట్లో ఏదైనా గొడవైతే మాటాడుకుంటే సర్దుకుంటుందమ్మా. రా, దిగబెడతాం" అంది. నేను దూకడానికి వచ్చాననుకుంటున్నారని అప్పటికిగానీ నాకు అర్థం కాలేదు.

నాకు ఇరవై అడుగుల దూరంలో ఇద్దరు కుర్రాళ్ళు మూడుకాళ్ళ స్టాండు మీద కెమెరా బిగించి, అదే నదిని, అదే పొద్దును తీస్తున్నారు. నాకంటే ముందు నుంచే ఉన్నారు. వాళ్ళనెవరూ ఏమీ అడగలేదు.

ఆ దంపతుల మంచితనాన్ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ముక్కూమొహం తెలియని మనిషి ప్రాణం గురించి బండి ఆపేవాళ్ళు ఎప్పుడూ ఉండాలి. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాళ్ళ అనుమానం వెనక ఒక తర్కం ఉంది. ఆడదానికి నదితో రెండే సంబంధాలు ఉంటాయన్నది ఆ తర్కం. ఒకటి పని: నీళ్ళు, బట్టలు, అంట్లు, పుష్కరస్నానం, కార్తీకదీపం. రెండోది చావు. చేతిలో బిందె లేదు, దీపం లేదు, పక్కన మొగుడు లేడు. ఇక మిగిలింది రెండోదే కదా! చూడడం కోసం చూడడం అనే మూడో సంబంధం ఆడవాళ్ళకు ఉండొచ్చని ఎవరికీ తట్టదు. నిజం చెప్పాలంటే మనకీ తట్టదు.

మరి కోనసీమ అందాల పేరుతో వచ్చే ఫోటోల్లో ఏముంటుంది? కేలండర్ల దగ్గర్నుంచి ఫోటో ప్రదర్శనల దాకా చూస్తూనే ఉన్నాం. మంచులో కొబ్బరిచెట్లు, కాలవలో వాటి నీడలు, ఒంటరి నావ, దాని మీద ఒక నల్లటి మనిషి ఆకారం. వరిచేలో వరసగా వంగిన వీపులు, వాటి మీద ఎరుపూ పసుపూ చీరలు. మొహాలుండవు. ఉంటే ఆ బొమ్మను 'ప్రకృతి దృశ్యం' అనరు, వేరే విభాగంలో పెడతారు. స్త్రీ ఇక్కడ పొలానికి రంగు, నదికి కొలత. నది ఎంత వెడల్పో తెలియాలంటే బిందె పట్టుకున్న చిన్న ఆకారం ఒకటి ఉండాలి మరి!

ఇంకో తమాషా ఏమిటంటే, ఫోటోలో కనిపించని స్త్రీ దాని కింద రాసే మాటల్లో మాత్రం నిండుగా కనిపిస్తుంది. గోదారమ్మ వయ్యారాలు, గౌతమి ఒంపులు, పైరు పచ్చచీర, కొండల నడుమ సన్నని నడుము. తెలుగు సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి ఈ మాటలు ఎక్కణ్ణుంచి వచ్చాయో నాకు తెలుసు. మన ప్రబంధాలకు అష్టాదశ వర్ణనలని ఒక పట్టీ ఉంది. పర్వతం, సముద్రం, ఋతువులు, సూర్యోదయం, చంద్రోదయం, ఉద్యానవనం, జలక్రీడ... ప్రకృతీ, స్త్రీ ఒకే పట్టీలో పక్కపక్కనే కూర్చున్న వర్ణనీయ వస్తువులు. వర్ణించేవాడు ఆ పట్టీలో ఉండడు. భావకవిత్వం వచ్చి స్త్రీని వర్ణనలోంచి ఊహలోకి, ప్రకృతిని ప్రేయసిలోకి మార్చింది. చూసేవాడి చోటు మాత్రం మారలేదు. సినిమాలో చూపు పురుషుడిది, చూడబడటం స్త్రీది అని లారా మల్వీ 1975లో రాసింది. సరిగ్గా ఆ ఏడాదే వచ్చిన బాపు 'ముత్యాలముగ్గు' ఛాయాగ్రహణానికి ఇషాన్ ఆర్యకు జాతీయ పురస్కారం దక్కింది. అంతకుముందు 1967లో బాపు తన మొదటి సినిమా 'సాక్షి'ని మా పక్కనే పులిదిండిలో తీశాడు. ఆ సినిమాలు నాకూ ఇష్టమే. కాకపోతే 'గోదావరి అందం' అనగానే మన కళ్ళముందు ఆడే బొమ్మను తయారుచేసిన చేతుల్లో ఆడవాళ్ళ చేతులు ఎన్ని అని అడగడానికి ఆ ఇష్టం నాకు అడ్డం రాదు.

అసలు ఈ 'ప్రకృతి' అనే మాటనే కాస్త ఆగి చూడాలి. కోనసీమ పచ్చదనం ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, దాని కాలవలు, ఏటిగట్లు, తరతరాలుగా తవ్వి, మోసి, నాటి, కోసిన కూలీలు చేసిన పచ్చదనమిది. నాట్లు లేకుండా ఆ ఆకుపచ్చ లేదు. నాట్లు ఆడవాళ్ళ పని, అందులోనూ ముఖ్యంగా దళిత స్త్రీల పని. కాబట్టి వరిచేలో వంగిన స్త్రీ దృశ్యానికి అలంకారం కాదు, దాని కర్త. పుస్తకం అట్ట మీద రచయిత్రి పేరు తీసేసి, ఆమె చీరరంగు బాగుందని మెచ్చుకుంటే ఎలా ఉంటుంది? మన ప్రకృతి ఫోటోలు చేస్తున్నది అదే.

ఇదంతా మగవాళ్ళ మీద నెట్టి నేను పక్కకు తప్పుకోలేను. మాది జొన్నాడలో కాస్తోకూస్తో పొలం ఉన్న కుటుంబం. కెమెరా కొన్న కొత్తలో సంక్రాంతి సెలవులకు వచ్చి, తెల్లవారుజామున ఏటిగట్టు దిగి ఇసుకలోకి వెళ్ళాను. లంకకు కూరగాయల పనికి పోయే ఆడవాళ్ళు ఏడెనిమిదిమంది రేవులో నావ కోసం నిలబడి ఉన్నారు. తలల మీద తట్టలు, చేతుల్లో కేరేజీలు, ప్లాస్టిక్ సంచులు. నాకు కావలసింది మంచు, నీళ్ళు, దూరంగా లంక. ఆ ప్లాస్టిక్ సంచులు నా బొమ్మను పాడుచేస్తున్నాయి. వాళ్ళు నావెక్కి వెళ్ళిపోయేదాకా ఓపిగ్గా ఆగాను. నావ ఆలస్యమైంది. నా చిరాకు మొహంలో కనిపించిందేమో, వాళ్ళలో ఒకావిడ, మా అమ్మకంటే పెద్దదే, నావేపు చూసి అడిగింది: "మేం అడ్డవా అండి, అమ్మాయిగోరూ?"

ఆ ప్రశ్నలో కోపం లేదు. అడ్డమైతే పక్కకు జరుగుదామన్న మర్యాదే ఉంది. ఆమె నోట ఆ 'గోరు' ఎలా వచ్చిందో, ఆ ఇసుకలో ఎవరు ఎవరికి జరగాలో ముందే ఎలా నిర్ణయమైపోయిందో మనకందరికీ తెలుసు. నేను ఆమెను పిలవడానికి మా ఇళ్ళల్లో అలవాటైన మాట ఏకవచనమే. ఆ పొద్దున అది నోటికి రాలేదు, మరో మాట తట్టలేదు. సిగ్గుపడి కెమెరా ఆమె చేతికిచ్చాను. "తీసుకోండి, మీరు తీయండి" అన్నాను. ఆమె నవ్వి, చెంగుతో చెయ్యి తుడుచుకుని, కెమెరాలోంచి చాలాసేపు చూసి, ఒక ఫోటో తీసింది. ఏం తీసిందో ఊహించండి. పొద్దును కాదు, మంచును కాదు. ఎదురుగా లంక ఒడ్డు తెగిపడి నిట్టనిలువుగా ఉన్న మట్టిగోడను తీసింది. "పోయిన ఏరుకి అక్కడిదాకా చేనుండేదండి. అదిగో ఆ కొబ్బరిమొక్క నీళ్ళలో పడుందే, అది మేం కంద తవ్విన చేను గట్టుది" అంది. పేరు అడిగితే, "నా పేరెందుకులెండి" అని నావెక్కింది.

సాహిత్యంలో డాక్టరేటు చేసిన నేను ఆ ఒడ్డును అప్పటికి ఎన్నోసార్లు ఫోటో తీశాను. దాన్ని ఏటికోతగా నేనెన్నడూ చూడలేదు, నాకది మట్టిరంగు గీత మాత్రమే. ఆడవాళ్ళు చూడరన్న మాట ఎంత అబద్ధమో నాకు ఆ పొద్దున తెలిసింది. వాళ్ళు చూస్తారు. నీళ్ళు ఎర్రబడితే ఎగువన వాన పడిందని చూస్తారు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది అని అధికారులు చెబుతారు. మొదటిది వినగానే పొయ్యి ఎక్కడికి మార్చాలో, గేదెను ఎప్పుడు విప్పాలో లెక్క వేసుకునేది లంకల్లోని ఆడవాళ్ళే. 1986 ఆగస్టు వరద గురించి మా ఊళ్ళో ఏ ముసలమ్మనడిగినా నీళ్ళు ఏ ఇంటి ఏ మెట్టు దాకా వచ్చాయో చెబుతుంది. 2022 జూలై వరదప్పుడు ఆకాశం నుంచి డ్రోన్లతో తీసిన దృశ్యాలు అద్భుతంగా ఉన్నాయని జనం పంచుకున్నారు. ఆ అద్భుతంలో మునిగింది లంకలు. గట్టు మీద టార్పాలిన్ కింద పొయ్యి రాజేసిన స్త్రీకి ఆ నీళ్ళు అద్భుతంగా కనిపించి ఉంటాయా?

వెలుతురు సంగతి కూడా చెప్పాలి. పొద్దు పొడిచేముందూ వాలేముందూ ఉండే ఆ బంగారు వేళ కోసం ఫోటోలు తీసేవాళ్ళు పడిచస్తారు. నా చిన్నతనంలో, అంటే 1990ల చివర, మా ఏటిగట్టుకు ఆ వేళలు మరో పనికి కేటాయింపు. ఇళ్ళల్లో మరుగుదొడ్లు లేని ఆడవాళ్ళు చెంబు పట్టుకుని చీకటి విడకముందే, లేదంటే చీకటి పడ్డాకే గట్టు దిగాలి. పగలంతా బిగబట్టుకోవాలి. గట్టు మీద మగమనిషి అలికిడైతే లేచి నిలబడాలి, అతను వెళ్ళేదాకా అలాగే ఉండాలి. ఇప్పుడు చాలా ఇళ్ళల్లో మరుగుదొడ్లు వచ్చాయి. కానీ మా అమ్మ తరానికి ఉషోదయం అంటే ఇంకా అదే భయం. వెలుతురు వస్తుంటే ఒకరికి కెమెరా తీయాలనిపిస్తుంది, మరొకరికి గబగబా ఇంట్లోకి పారిపోవాలనిపిస్తుంది. ఒకే సూర్యోదయం ఇద్దరికీ ఒకటి కాదు. సౌందర్యానికి లింగభేదం లేదని వాదించేవాళ్ళు ఈ ఒక్క సంగతి ఆలోచిస్తే చాలు.

మనుషుల్ని తీసేసి ప్రకృతిని చూపించే ఈ అలవాటు మనమొక్కరమే కనిపెట్టింది కాదు. అమెరికాలో యోసెమిటీ లోయ పేరు ఫోటోలంటే ఇష్టపడే ప్రతివారికీ తెలుసు. 1851లో మారిపోసా బెటాలియన్ అనే సాయుధదళం అక్కడి అహ్వానీచీ ప్రజలను తరమడానికి ఆ లోయలో జొరబడింది. పదేళ్ళకు, 1861లో, కార్ల్‌టన్ వాట్కిన్స్ పెద్దపెద్ద గాజుపలకల మీద ఆ లోయను ఫోటోలు తీశాడు. మనిషి అడుగుపడని స్వర్గంలా కనిపించే ఫోటోలవి. 1864లో లింకన్ సంతకంతో ఆ లోయ రక్షితప్రాంతమైంది. ఆ తర్వాత ఆన్సెల్ ఆడమ్స్ 1927 నుంచి తీసిన నలుపు తెలుపు శిఖరాలు ప్రపంచమంతటికీ ప్రకృతి ఫోటో అంటే ఇలా ఉండాలన్న పాఠం అయ్యాయి. ఇదే ఆడమ్స్ 1943లో మాంజనార్ నిర్బంధశిబిరంలోని జపనీస్ అమెరికన్లను ఒక్కొక్కరినీ మొహాలతో సహా తీశాడు. అంటే మనుషుల్ని చూడటం ఆయనకు చేతకాక కాదు. 'ప్రకృతి' అన్న చట్రంలోనే వాళ్ళకు చోటు లేదు.

జొన్నాడ నుంచి ఎగువకు వెళితే పాపికొండలు. ఆ కొండల మధ్య మలుపు ఫోటో లేని పర్యాటక ప్రకటన లేదు. మునగకముందే చూసి రండి అని పోలవరం పేరు చెప్పి జనాన్ని పిలిచిన రోజులూ చూశాం. మునిగేవి కొండరెడ్ల ఊళ్ళు, ఇళ్ళు, చింతచెట్లు, వెదురుపొదలు, పూర్వీకుల సమాధులు. బోటు ఒడ్డుకు చేరినప్పుడు వెదురు బొమ్మలు అమ్మే కొండరెడ్డి స్త్రీ పర్యాటకుల కెమెరాకు ఒక ముచ్చట. బోటు కదలగానే ఆమె చట్రంలోంచి జారిపోతుంది, కొండలు మాత్రం మిగులుతాయి. ఖాళీగా కనిపించే నేలను ఖాళీ చేయించడం సులువు. అందుకే ఈ ఖాళీ ఫోటోలు నాకు అమాయకంగా కనిపించవు.

ఇక కెమెరా వెనక వైపు. రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో ఆడవాళ్ళకోసం ప్రత్యేకంగా జెనానా స్టూడియో తెరిచి, ఫోటోలు తీయడానికి ఒక ఇంగ్లీషు మహిళను పెట్టాడు. ఆనాటికి అది గొప్ప విషయమే. కానీ అది ఎత్తు గోడల లోపల. మన దేశపు తొలి మహిళా ఫోటో జర్నలిస్టు హోమాయ్ వ్యారవాలా తొలినాటి ఫోటోలు భర్త పేరుతో అచ్చయ్యాయి. ఆడవాళ్ళకు ప్రయాణపు చూపు లేదని మాత్రం ఎవరూ అనడానికి వీల్లేదు. పోతం జానకమ్మ రాఘవయ్య ఇంగ్లండు వెళ్ళొచ్చి 1876లోనే పుస్తకం అచ్చువేసింది, దాని పేరే 'పిక్చర్స్ ఆఫ్ ఇంగ్లండ్'. నాయని కృష్ణకుమారి 'కాశ్మీర దీపకళిక' రాసింది. అవకాశం దొరికిన చోట ఆడవాళ్ళు కొండల్నీ నదుల్నీ కళ్ళారా చూశారు, రాశారు. ఎంతమందికి దొరికిందన్నదే ప్రశ్న.

మా అమ్మకు దొరకలేదు. పెళ్ళైన కొత్తలో తీయించుకున్న ఫోటో ఒకటి మా ఇంట్లో ఉంది. రావులపాలెంలో ఒక స్టూడియోలో తీసింది. వెనక తెర మీద నది, నావ, కొబ్బరిచెట్లు, అస్తమిస్తున్న సూర్యుడు, అన్నీ రంగులతో వేసినవి. అసలు గౌతమి అక్కడికి కూతవేటు దూరం. కొత్తకోడలు గట్టు మీదకెళ్ళి నిలబడి ఫోటో తీయించుకుంటే నలుగురూ ఏమనుకుంటారు? అందుకని గోదారి పక్కనుండే పిల్ల బొమ్మ గోదారి ముందు నిలబడింది. ఆ ఫోటో చూసి చిన్నప్పుడు నవ్వేదాన్ని. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

ఈ సందర్భంలోనే సెల్ఫీల గురించి ఒక మాట. పెద్ద పెద్ద కెమెరాలు మోసేవాళ్ళకు ఆడవాళ్ళ సెల్ఫీలంటే చులకన. ఎక్కడికెళ్ళినా తమ మొహాలే తప్ప ప్రకృతి పట్టదంటారు. నేనూ ఒకప్పుడు అలాగే అన్నాను. కానీ తన ఉనికిని ఎవరూ ప్రశ్నించని వాడే తాను లేని ఫోటో తీసి తృప్తిపడగలడు. అతను అక్కడికి వెళ్ళగలడని, మళ్ళీ రేపూ వెళ్ళగలడని అందరికీ తెలుసు. నెలల తరబడి అడిగి, అత్తగారినీ పిల్లల్నీ సర్ది, ఏడాదికో మాటు పాపికొండలో అరకో వెళ్ళే ఆడమనిషికి కొండ ఒక్కటే సరిపోదు. కొండ ముందు తాను నిలబడిందన్న సాక్ష్యం కావాలి. అది మోజు కాదు, హాజరు వేయించుకోవడం.

నా వాదనకు వచ్చే జవాబులు నాకు తెలుసు. అందమైన ఫోటో తీయడం కూడా నేరమేనా అంటారు. కాదు. నేనూ తీస్తాను, ఇకముందూ తీస్తాను. ప్రతి సూర్యాస్తమయంలోనూ ఒక కూలి స్త్రీని నిలబెట్టమనీ అనడం లేదు. అలా పెడితే ఆమె మళ్ళీ అలంకారమే అవుతుంది. మనుషులు తప్పుకునేదాకా ఆగి తీసినప్పుడు, తప్పుకున్నది ఎవరో, వాళ్ళను తప్పుకోమన్నది ఎవరో తీసినవాళ్ళకు తెలిసి ఉండాలంటున్నాను. 'మనిషి జాడ లేని ప్రకృతి' అని పేరు పెట్టి ప్రదర్శనలో వేలాడదీసేముందు ఆ మాట అబద్ధమని ఒప్పుకోమంటున్నాను.

రెండో జవాబు రక్షణ. ఒంటరిగా ఏటిగట్టు మీద తిరిగితే ప్రమాదం కదా, పక్కన ఎవరినైనా తీసుకెళ్ళొచ్చు కదా అంటారు. ముంబై ఆడవాళ్ళ గురించి శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే 2011లో 'వై లాయిటర్' అనే పుస్తకం రాశారు. వీధిలో ఉండాలంటే ఆడవాళ్ళు ఎప్పుడూ ఏదో పని మీద ఉన్నట్టు కనిపించాలి, పనిలేకుండా తిరిగే హక్కే అసలు హక్కు అని వాళ్ళ వాదన. అది మహానగరాల మాట అనుకున్నాను. జొన్నాడ వంతెన మీద నిలబడ్డాక అది మా ఊరి మాట కూడా అని తెలిసింది. నిజానికి ఊళ్ళో మరీ కష్టం. నగరంలో నిన్ను ఎవరూ ఎరగరు, ఇక్కడ 'ఎవరి తాలూకు' అన్నది మొదటి ప్రశ్న. ఆడమనిషి ఎవరో ఒకరి తాలూకు కాకుండా నది ముందు నిలబడటానికి వీల్లేదు. గట్టు ప్రమాదమైతే దీపాలు వేయండి, బస్సులు వేయండి, ఏడిపించేవాళ్ళను లోపల వేయండి. చూసేవాళ్ళను ఇంట్లో వేయడం రక్షణ కాదు.

మనం కూడా మన చూపుకి సంజాయిషీ ఇచ్చుకోవడం మానుకోవాలి. పని ఉందని, పరిశోధన అని, ప్రాజెక్టు అని చెప్పి నేను చాలాసార్లు తప్పించుకున్నాను. డాక్టరేటు ఉంది కాబట్టి నా మాట చెల్లింది. రేవులో నావ కోసం నిలబడే ఆవిడకు ఆ సాకు లేదు. ఆమెకు తెల్లారితే లంక, పొద్దువాలితే పొయ్యి. చూసే తీరిక కూడా కూలిరేట్లలాగే పంచబడుతుంది. తీరిక అడగడం, మరుగుదొడ్డి అడగడం, కూలి అడగడం, గట్టు మీద ఊరికే నిలబడే హక్కు అడగడం వేరువేరు పోరాటాలు కావు.

మొన్న ఆదివారం మా అమ్మను తీసుకుని వంతెన మీదకు వెళ్ళాను. ముందు రానంది. "ఏం పనుందని?" అంది. ఏం పనీ లేదన్నాను. పిట్టగోడ పట్టుకుని, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, దారినపోయేవాళ్ళ వంక చూస్తూ నిలబడింది. పది నిమిషాలకు తల నీళ్ళవేపు తిరిగింది. ఈ ఊరు కాపరానికొచ్చి నలభై ఏళ్ళయినా గోదారిని పైనుంచి ఇంతసేపు చూడటం ఇదే మొదలంది. ఒక బండి మా దగ్గర నెమ్మదించింది. నేను నోరు తెరిచేలోగా మా అమ్మే గట్టిగా చెప్పింది: "ఏం లేదండీ, గోదారి చూస్తున్నాం."